పీఆర్ స్పాన్సర్‌షిప్ ఫైలు నడుస్తుండగా విజిటర్ వీసా మీద కెనడా వెళ్ళి రావచ్చా?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, నేను బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. మావారు కెనడాలో పర్మనెంట్ రెసిడెంటుగా (పీఆర్, అంటే పౌరసత్వం లేకున్నా శాశ్వతంగా ఉండే హక్కుతో) ఉంటూ కాల్గరీలో ఉద్యోగం చేస్తున్నారు. పెళ్ళయిన తరువాత ఆయన స్పాన్సరుగా, నేను ఇండియాలోనే ఉంటూ, అవుట్‌ల్యాండ్ పద్ధతిలో పీఆర్‌కు దరఖాస్తు చేసుకున్నాము. దరఖాస్తు అందినట్లు ఉత్తరం వచ్చింది, ఇక్కడి వీఎఫ్ఎస్ (వీసా దరఖాస్తుల) కేంద్రంలో బయోమెట్రిక్స్ ఇచ్చాను, వైద్యపరీక్ష కూడా పూర్తయింది. ఆ తరువాత ఏ కబురూ లేదు.

పెళ్ళి చేసుకుని ఇలా చెరొక దేశంలో ఉండడం ఇద్దరికీ కష్టంగానే ఉంది. విజిటర్ వీసా తీసుకుని కొంతకాలం ఆయన దగ్గర ఉండి రావాలని అనుకుంటుంటే, తలా ఒక మాట చెబుతున్నారు. అక్కడికి వెళితే పీఆర్ ఫైలు మూసేస్తారని మా బంధువు ఒకాయన అంటున్నారు. పీఆర్ సంగతి ఎత్తకుండా విహారయాత్ర అని రాస్తే వీసా సులభంగా వస్తుందని ఇక్కడి ఏజెంటు ఒకరు సలహా ఇచ్చారు, కాని ఆ మాటకు నా మనసు ఒప్పుకోవడం లేదు. మావారే సెలవు పెట్టి వచ్చి ఇక్కడ ఎక్కువకాలం ఉంటే మంచిదా అన్న ఆలోచన కూడా ఉంది. ఈ దారిలో వెళ్ళినవారు, నియమాలు తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం (హెచ్ఎస్ఆర్ లేఅవుట్)

నేను ఇదే పరిస్థితిలో వెళ్ళి వచ్చినదాన్ని, కనుక ముందుగా మీ భయం తీరుస్తాను: అవుట్‌ల్యాండ్ ఫైలు ఉన్నవారు విజిటర్‌గా కెనడా వెళ్ళినంత మాత్రాన ఆ ఫైలు మూతపడదు. నేను అక్కడ ఉన్న రోజుల్లోనే నా ఫైలు ముందుకు కదిలింది. దిగిన చోట సరిహద్దు అధికారి ఎవరి దగ్గరికి వచ్చారు, ఎంతకాలం ఉంటారు, తిరుగు టికెట్టు ఉందా అని అడిగారు. మా ఆయన పేరు, స్పాన్సర్‌షిప్ సంగతి దాచకుండా చెప్పి, ఆఫీసు వారు ఇచ్చిన సెలవు ఉత్తరం చూపించాను. మీరు కూడా కాగితాలన్నీ చేతి సంచిలోనే పెట్టుకోండి.

సమాధానం (జయనగర్)

అమ్మా, మా అమ్మాయి విషయంలో ఈ నియమాలన్నీ కూర్చుని చదివినవాడిని కనుక కాస్త విస్తారంగా రాస్తున్నాను.

మొదట ఏజెంటు మాట. దయచేసి దాని జోలికి పోవద్దు. కెనడా వలస చట్టంలోని 40వ సెక్షను ప్రకారం ముఖ్యమైన విషయాన్ని దాచినా, తప్పుగా చెప్పినా అయిదేళ్ళపాటు ఆ దేశంలో అడుగుపెట్టడానికి అనర్హులవుతారు. ఆ కాలంలో పీఆర్‌కు దరఖాస్తు చేయడానికి కూడా వీలుండదు. మీ స్పాన్సర్‌షిప్ ఫైలు వాళ్ళ కంప్యూటర్లోనే ఉంది, మీ పాస్‌పోర్టు నంబరు కొడితే బయటపడుతుంది. ఉన్న మొగుడిని లేడని చెప్పించే సలహాకు డబ్బు తీసుకునేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే దాని ఫలితం అనుభవించేది ఆ ఏజెంటు కాదు, ఆ ఆడపిల్ల.

దాచవలసిన అవసరం కూడా లేదు. అదే చట్టంలో 22వ సెక్షను రెండవ ఉపవిభాగం ఈ సందర్భం కోసమే ఉన్నది: శాశ్వతంగా స్థిరపడాలనే ఉద్దేశం ఉన్నంత మాత్రాన తాత్కాలికంగా రావడానికి అడ్డు ఉండదు, అయితే ఇచ్చిన గడువు ముగిసేలోగా తిరిగి వెళ్ళిపోతారని అధికారికి నమ్మకం కలగాలి. దీనినే అందరూ డ్యూయల్ ఇంటెంట్ అంటారు. దానికితోడు 2023 మే నెలలో, షాన్ ఫ్రేజర్ వలస శాఖ మంత్రిగా ఉన్నప్పుడు, స్పాన్సర్‌షిప్ ఫైలు నడుస్తున్న భార్యాభర్తల విజిటర్ వీసాలను త్వరగా పరిశీలించేందుకు ప్రత్యేక ఏర్పాటు కూడా ప్రకటించారు. కాబట్టి దరఖాస్తుతో పాటు పెట్టే ఉత్తరంలో మొదటి పేరాలోనే మీ పీఆర్ ఫైలు నంబరు రాసి, భర్తను చూడడానికి వెళుతున్నానని, పీఆర్ రాకపోతే గడువులోగా తిరిగి వస్తానని స్పష్టంగా చెప్పండి. ఆ మాటకు బలంగా మీ సంస్థ ఇచ్చిన సెలవు మంజూరు ఉత్తరం, తిరిగి చేరవలసిన తేదీ, జీతం స్లిప్పులు, ఆదాయపు పన్ను రిటర్నులు, బెంగళూరు ఇంటి అద్దె ఒప్పందం, అనంతపురంలో మీ పేరున ఏదైనా ఆస్తి ఉంటే దాని పత్రాలు జతచేయండి. మీవారి తరఫున పీఆర్ కార్డు నకలు, ఉద్యోగపు ఉత్తరం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆహ్వాన పత్రం ఉండాలి. వీసా రుసుము 100 కెనడా డాలర్లు, దరఖాస్తు ఆన్‌లైన్లోనే.

ఇక మీ బంధువు చెప్పిన మాటకు మూలం ఎక్కడుందో నాకు అర్థమవుతోంది. కెనడా లోపలే ఉండి చేసుకునే ఇన్‌ల్యాండ్ పద్ధతి వేరొకటి ఉన్నది. అందులో దరఖాస్తుదారు స్పాన్సరుతో కలిసి కెనడాలోనే కాపురం ఉండాలి, మధ్యలో దేశం దాటి వెళ్ళి తిరిగి ప్రవేశించలేకపోతే ఫైలు దెబ్బతింటుంది. ఆ నియమాన్ని విన్నవారు మీకు అన్వయించి చెప్పి ఉంటారు. మీది అవుట్‌ల్యాండ్ కనుక ఏ దేశంలో ఉండాలన్న నిర్బంధం మీకు లేదు, ఇంటర్వ్యూకు పిలిస్తే మాత్రం హాజరు కావలసి ఉంటుంది. అక్కడికి చేరిన తరువాత ఎవరైనా ఈ ఫైలు వెనక్కు తీసుకుని ఇన్‌ల్యాండ్‌లో పెట్టుకోమంటే ఒప్పుకోకండి: అవుట్‌ల్యాండ్ ఫైలు తిరస్కరిస్తే మీవారికి వలస అప్పీలు విభాగానికి వెళ్ళే హక్కు ఉంటుంది, ఇన్‌ల్యాండ్‌లో ఆ హక్కు లేదు.

మీవారు వచ్చి ఇక్కడ ఎక్కువకాలం ఉండే ఆలోచన మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆయన పౌరుడు కాదు, పర్మనెంట్ రెసిడెంటు; అలాంటి స్పాన్సరు కెనడాలో నివసిస్తూ ఉండాలన్నది నియమం. పండగకో, చిన్న సెలవుకో వచ్చి వెళ్ళడానికి అభ్యంతరం లేదు.

సమాధానం (ఎలక్ట్రానిక్ సిటీ)

పై పెద్దాయన చెప్పినవన్నీ నిజమే, కాని వీసా తప్పకుండా వస్తుందని అనుకోవద్దని చెప్పడానికి రాస్తున్నాను. నా భార్య అక్కడ ఉండగా నేను అన్నీ నిజాయితీగా రాసి పెట్టిన విజిటర్ దరఖాస్తును, గడువు చివర తిరిగి వెళతారన్న నమ్మకం కలగలేదన్న ఒక్క వాక్యంతో తిరస్కరించారు. అలా జరిగితే పీఆర్ ఫైలుకు దానివల్ల హాని లేదు. అసలు కారణం తెలియాలంటే, కెనడాలో ఉన్న మీవారు మీ సమ్మతి పత్రంతో అయిదు డాలర్లు కట్టి వలస శాఖ కంప్యూటర్లో అధికారి రాసుకున్న వివరాలు, అంటే జీసీఎంఎస్ నోట్సు, తెప్పించవచ్చు. నా నోట్సులో, అడిగిన కాలానికి తగిన సెలవు ఉత్తరం లేదని ఉంది. దాన్ని సరిచేసి మళ్ళీ పెడితే వచ్చింది. విజిటర్ తిరస్కరణకు అప్పీలు లేదు. ఫెడరల్ కోర్టుకు 60 రోజులలోగా వెళ్ళవచ్చు గాని, మళ్ళీ దరఖాస్తు చేసుకోవడమే తేలిక. కనుక వీసా చేతికి రాకముందే విమానం టికెట్లు కొనకండి, ఉద్యోగానికి రాజీనామా అసలే ఇవ్వకండి. మీరు తిరిగి వస్తారనడానికి ఆ ఉద్యోగమే పెద్ద ఆధారం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. విషయం దాచకుండానే దరఖాస్తు చేయాలని మేమిద్దరమూ నిశ్చయించుకున్నాము. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. అక్కడి నుంచి మా బెంగళూరు ఆఫీసు పని చేసుకోవచ్చా? నేను అక్కడ ఉండగానే పీఆర్ మంజూరైతే ఇండియా తిరిగి రావాలా?

సమాధానం (జయనగర్)

అమ్మా, కెనడా బయట ఉన్న యజమానికి దూరం నుంచి చేసే పనికి వర్క్ పర్మిట్ అక్కరలేదు, కాబట్టి కెనడా వైపు నుంచి చిక్కు లేదు. అయితే విదేశంలో కంపెనీ ల్యాప్‌టాప్ తెరవడానికి మీ సంస్థ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, కొన్ని సంస్థలు ఒప్పుకోవు. సాధారణంగా ప్రవేశించిన రోజు నుంచి ఆరు నెలలు ఉండనిస్తారు. ఇంకా ఉండవలసి వస్తే ఆ గడువు ముగియకముందే పొడిగింపుకు దరఖాస్తు చేయాలి. చెల్లుబాటయ్యే విజిటర్ స్థితిలో ఉండి, మీవారితో ఒకే ఇంట్లో కాపురం ఉంటున్న పక్షంలో ఓపెన్ వర్క్ పర్మిట్‌కు కూడా దరఖాస్తు చేసుకునే వీలున్నది.

మీరు అక్కడ ఉండగా మంజూరైతే తిరిగి రానక్కరలేదు. కెనడాలో ఉన్నట్లు, అక్కడి చిరునామాతో సహా, వలస శాఖకు వెబ్ ఫారం ద్వారా ముందే తెలియజేస్తే వారి పోర్టల్ ద్వారానే పీఆర్ ధ్రువీకరణ పూర్తవుతుంది. ఇక్కడ ఉన్నప్పుడు వస్తే పాస్‌పోర్టు వీఎఫ్ఎస్‌లో ఇవ్వవలసి ఉంటుంది. మరొక సంగతి: వైద్యపరీక్ష చెల్లుబాటు పన్నెండు నెలలే. మీది ఎప్పుడు జరిగిందో చూసుకోండి. ఆలస్యమైతే మళ్ళీ చేయించమని అడగవచ్చు, అప్పుడు మీరు కాల్గరీలో ఉంటే అక్కడి గుర్తింపు పొందిన వైద్యుల దగ్గరే చేయించుకోవచ్చు.