గేటుకి అడ్డంగా కార్లు: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఏది పనిచేస్తోంది?

బిజిపూర్_బరంపురం:
మాది ఒడిశాలోని బరంపురం. వీధి వెడల్పు పన్నెండు అడుగులు, మా గేటు తొమ్మిది. వీధి మొదట్లో కల్యాణ మండపం. ముహూర్తాల రోజుల్లో గేటుకి అడ్డంగా కార్లు పెట్టి పోతున్నారు. వాటిలో చాలామట్టుకు ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి వచ్చిన ఏపీ బళ్లే. గేటు ముందు ఏమీ లేకపోయినా, ఎదురింటి గోడ వారన ఒక్క కారు నిలబెడితే చాలు, మన కారు బయటికి రాదు. బోర్డు, గేటు మార్పు, పోలీసులు: ఏది ముందు, ఏది తరవాత? కొలతలతో చెప్పండి.

వెల్డింగ్_పర్లాకిమిడి:
ఎదురు గోడ సంగతే ముందు చూద్దాం, అందరూ వదిలేసేది అదే. స్విఫ్ట్ లాంటి చిన్న కారు వెడల్పు అద్దాలు కలపకుండానే 1,735 మిల్లీమీటర్లు, అంటే ఆరడుగులకి కొంచెం తక్కువ. పొడవు పన్నెండున్నర అడుగులు. అది తిరగడానికి 4.8 మీటర్ల వ్యాసార్ధం కావాలి, దగ్గర దగ్గర పదహారు అడుగులు. మీ వీధి పన్నెండే. వీధి ఖాళీగా ఉన్నా రెండు మూడు సార్లు ముందుకీ వెనక్కీ ఆడించాలి. ఎదురుగా కారుంటే మిగిలేది ఆరడుగుల చిల్లర. అక్కడ స్టీరింగు ఎంత తిప్పినా దారి దొరకదు. "మీ గేటు ముందు పెట్టలేదు కదా" అనేవాళ్లకి టేపు పట్టి చూపించండి, మాటలతో ఒప్పుకోరు.

దీనికి మందు గేటు వెడల్పు. పన్నెండు అడుగులు చేస్తే కారు ఇంకా గేటులో ఉండగానే స్టీరింగు తిప్పడం మొదలెట్టొచ్చు. రెండు దిమ్మలూ జరపలేకపోతే, మీరు మామూలుగా ఎటు తిరుగుతారో ఆ వైపు దిమ్మ ఒక్కటి జరపండి చాలు. వెనక చక్రం ముందు చక్రం పోయిన దారిలో పోదు, లోపలికి కోసుకుంటూ వస్తుంది. కారు పక్క గీసుకునేది ఎప్పుడూ ఆ లోపలి దిమ్మకే. ఎడమకి తిరిగేవాళ్లు కుడి దిమ్మ కొట్టించి డబ్బు పోసుకోవడం చాలా చోట్ల చూస్తాం, దానివల్ల ఒరిగేది తక్కువ.

కొత్త దిమ్మకి పునాది రెండున్నర అడుగుల లోతు, నాలుగు 12 ఎంఎం ఊచలు. కాంక్రీటు పోశాక కనీసం ఏడు రోజులు తడపాలి, ఆ తరవాతే గేటు వేలాడదీయాలి. తొందరపడి మూడో రోజే బిగిస్తే దిమ్మ వాలి, రెండు రెక్కల గడియలూ కలవవు. ఆరడుగుల రెక్కకి కీళ్లు మూడేసి పెట్టించండి, రెండైతే కొన కిందికి దిగుతుంది. రెక్కలు లోపలికే తెరుచుకోవాలి. ర్యాంపు లోపలికి ఎత్తు పెరుగుతూ ఉంటే రెక్క నేలకి రాసుకుంటుంది, ముందే ఆ ఎత్తు కొలిచి కింద ఖాళీ వదలండి.

స్లైడింగ్ గేటు అనుకుంటే గోడ పక్కన గేటు వెడల్పంత జాగా, దాని మీద ఇంకో అడుగు ఉండాలి. వానాకాలంలో పట్టాలో ఇసుక చేరి చక్రం జామ్ అవుతుంది, పట్టాకి రెండు చోట్ల నీళ్లు పోయే కన్నం పెట్టించుకోవాలి.

తాపీ_గుణుపురం:
అన్నయ్యా, ఒక మాట కలుపుతాను. గేటుని గోడ వరస నుంచి మూడడుగులు లోపలికి జరిపితే ఇంకా మంచిది. ముందున్న జాగా మన హద్దులోనిదే కాబట్టి అక్కడ మడత స్తంభం పాతుకున్నా, గొలుసు కట్టుకున్నా అడిగేవాడు లేడు. కానీ ఆ గూడు ఖాళీగా ఉంచితే పది నిమిషాల్లో రెండు మోటారు సైకిళ్లు చేరతాయి. గొలుసు పెట్టే ఉద్దేశం లేకపోతే గేటు జరపొద్దు.

రంగులబోర్డు_బరంపురం:
అసలు మీ గేటు గేటులా కనబడుతోందా, అది చూసుకోండి. తుప్పు రంగు, ముందు గడ్డి, రాత్రి చీకటి: అలాంటి గేటు వాడుకలో లేదనుకుని కారు పెట్టేస్తారు. లేత రంగు వేసి, దిమ్మ మీద ఒక 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రాత్రంతా వెలిగితే సగం కార్లు అక్కడ ఆగవు.

బోర్డు మన తలెత్తు చూసి ఎత్తుగా కట్టేస్తాం, తప్పు. కారులో కూర్చున్నవాడి కంటికి తగలాలి, నేల నుంచి మూడున్నర, నాలుగు అడుగులు. 12 అంగుళాలు ఇంటూ 18 అంగుళాలు చాలు. ఫ్లెక్స్ వద్దు, ఎండకి వెలిసిపోతుంది. 3 ఎంఎం ఏసీపీ షీటు (అల్యూమినియం పొరల పలక) మీద రాత్రి మెరిసే రేడియం అంటించాలి. నీలం గుండ్రం, ఎర్ర అంచు, ఒకటే అడ్డగీత ఉన్న గుర్తు నో పార్కింగ్‌ది. రెండు గీతలు ఇంటూ గుర్తులా ఉంటే అది అసలు ఆగకూడదనే గుర్తు, కలపొద్దు. కింద ఒడియా లిపిలో "గేట్ సామ్నారె గాడి రొఖొంతు నాహిఁ", దాని కింద తెలుగులో "గేటు ముందు బండి పెట్టకండి, 24 గంటలూ కారు తిరుగుతుంది". ఏపీ నుంచి వచ్చేవాళ్లు ఒడియా లిపి చదవలేరు, ఊళ్లో కుర్రాళ్లలో చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. రెండూ ఉండాల్సిందే.

రోడ్డు మీద పసుపు గళ్లకి మామూలు ఎనామిల్ వాడకండి, చక్రాల కింద పొరలు లేస్తుంది. రోడ్ మార్కింగ్ పెయింటే అడగండి, డబ్బా మీద ఐఎస్ 164 ఉంటుంది. పదడుగుల గేటుకి నాలుగు అంగుళాల గీతలు రెండు కోట్లకి అర లీటరు పైన పట్టదు. సిమెంటు రోడ్డయితే ఇనప బ్రష్షుతో దుమ్ము, ఆయిలు మరకలు తీసి, పూర్తిగా ఆరాకే వేయాలి. ఆ గీతలకి చట్టబలం లేదు, రోడ్డు మునిసిపాలిటీది. చూసి తప్పుకునేవాళ్ల కోసమే.

బిజిపూర్_బరంపురం:
బోర్డు మీద ఫోన్ నంబరు వేయాలా? "పెడితే గాలి తీస్తాం" అని రాయమని పక్కింటివాళ్లు అంటున్నారు.

గుమాస్తా_రాయగడ:
ఆ గాలి మాట ఎంతమాత్రం రాయకండి. ఎవరో కుర్రాడు గాలి తీసినా, గీత గీసినా, మీ బోర్డే మీ మీద సాక్ష్యం. వేరొకరి ఆస్తికి నష్టం చేయడం భారతీయ న్యాయ సంహిత 324 కింద నేరం. పైగా గాలి లేని కారు కదలదు, మీ గేటు ముందు ఇంకో నాలుగు గంటలు ఉంటుంది. సొంతంగా చక్రానికి తాళం వేసినా అంతే.

చట్టం మీ వైపే ఉంది. 2017 డ్రైవింగ్ నిబంధనల ప్రకారం ఇంటి ప్రవేశానికి అడ్డంగా బండి పెట్టకూడదు. మోటారు వాహనాల చట్టం 122 ఇతరులకి అడ్డమయ్యేలా బండి వదలొద్దంటుంది. 177 కింద జరిమానా మొదటిసారి 500 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 1,500 దాకా. 127 కింద, పార్కింగు నిషేధం ఉన్న చోట పెట్టిన బండినైనా, పది గంటలకి మించి వదిలేసిన బండినైనా తీయించే అధికారం యూనిఫారంలో ఉన్న పోలీసుది. మనది కాదు. దారికి అడ్డం పెడితే న్యాయ సంహిత 285 కింద 5,000 దాకా జరిమానా ఉంది. అదే సెక్షను మీకూ వర్తిస్తుంది, రోడ్డు మీద రాళ్లు, పూలకుండీలు, పాత టైర్లు పెడితే. కాలువ దాటి రోడ్డు మీదికి ర్యాంపు పోసుకున్నవాళ్లు కంప్లైంటు ఇచ్చేముందు అది సరిచేసుకోండి. వచ్చినవాళ్లు ముందు చూసేది దాన్నే.

డ్రైవర్_అస్కారోడ్:
కారు ఎదురుగా ఉన్నప్పుడు చేయాల్సింది వరసగా చెబుతాను. ముందు అద్దం మీద నంబరు గానీ క్యూఆర్ స్టిక్కరు గానీ ఉందేమో చూడండి. తరవాత చుట్టుపక్కల మూడు చోట్ల అడగండి: మండపం, క్లినిక్కు, పట్టుచీరల కొట్టు. కారు రంగు, నంబరు చివరి నాలుగు అంకెలు చెప్తే మైకులో పిలుస్తారు. ఎక్కువ కార్లు ఇక్కడే కదులుతాయి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఓనరు పేరు సగం దాచి చూపిస్తుంది, ఫోను రాదు. దాని మీద టైము వేస్ట్ చేయకండి.

పదిహేను నిమిషాలు చూసి 112. ఓనరు ఫోను పోలీసు రికార్డులో దొరుకుతుంది, వాళ్లు ఒక్క ఫోను చేస్తే పరిగెత్తుకొస్తారు. ఒడియాలో ఇలా చెప్పండి: "ఆమొ ఘొరొ గేట్ ఆగొరె గాడి రొఖిఛంతి, గాడి బాహారొ కొరి పారునాహుఁ." తరవాత నంబరు, రంగు, మోడలు, దగ్గర్లో అందరికీ తెలిసిన గుర్తు. ఇంట్లో జబ్బు మనిషి ఉంటే ఆ మాట మొదటే చెప్పాలి, ఉంటేనే చెప్పాలి. ఏపీ నంబరయినా, ఇక్కడి ఓడీ 07 నంబరయినా, బండి నిలబడ్డ చోటి స్టేషనే చూస్తుంది.

ఫోన్‌కి ముందే ఫోటోలు మూడు: నంబరు ప్లేటూ గేటూ ఒకే ఫ్రేములో, డోర్ నంబరుతో ఒకటి, వీధి మొత్తం కనబడేలా ఒకటి. టైము, స్థలం పడే కెమెరా యాప్ వాడండి. కారుని తోయబోకండి. హ్యాండ్‌బ్రేకు మీద ఉన్న కారు కదలదు, బంపరు ఊడితే గొడవ మీ మీదికే.

ఫోన్ నంబరు విషయం: బోర్డు మీద వేస్తే పెట్టేవాడు "పెట్టాను, అవసరమైతే పిలవండి" అని పెట్టి పోతాడు. అది పార్కింగుకి అనుమతి ఇచ్చినట్టే. వేయొద్దంటాను.

రంగులబోర్డు_బరంపురం:
డ్రైవర్ గారూ, నంబరు వద్దన్నది నిజమే, ఆడవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లకైతే మరీను. ఇంటి ముందే కొట్టు ఉన్నవాళ్లకి మాత్రం కొట్టు నంబరు పనికొస్తుంది, సామాను దించే బండివాళ్లు పిలిచి వెంటనే తీస్తారు.

గుమాస్తా_రాయగడ:
అదే కారు మళ్లీ మళ్లీ పెడుతుంటే తేదీ, వచ్చిన టైము, తీసిన టైము, ఫోటో, 112కి చేసిన టైము ఒక కాగితం మీద వరసగా రాయండి. అది జతచేసి స్టేషన్లో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఒడిశా ప్రభుత్వం ఫిర్యాదులు తీసుకునే జనసుణాణి పోర్టల్‌లోనూ పెట్టొచ్చు. వీధంతా బాధపడుతుంటే దారికి అడ్డం తీయించమని పది సంతకాలతో సబ్ కలెక్టర్ దగ్గరికి వెళ్లొచ్చు, నాగరిక్ సురక్షా సంహిత 152 కింద. అది నెమ్మదిగా నడిచే దారి, ఒక్క కారు కోసం ఎక్కొద్దు.

బిజిపూర్_బరంపురం:
ముహూర్తాల రోజులకి?

డ్రైవర్_అస్కారోడ్:
మండపం మేనేజరు దగ్గర ఆ నెల బుకింగు తేదీలు ముందే తీసుకోండి. పెళ్లివారి తరఫున విజిల్ పట్టుకుని ఒక కుర్రాడు వీధి మొదట్లో సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా నిలబడాలని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. ఆ కుర్రాడికి వదలాల్సిన గేట్లు ముందే చూపించాలి, ఎదురు గోడతో సహా. మీ కారు ఆ రాత్రి కచ్చితంగా కావాలంటే ఐదు గంటలకే వీధి బయట పెట్టుకోవడం ఉత్తమం. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణీ యాత్ర రోజుల్లోనూ అంతే, ఆ జనంలో అడ్డం కార్లని లాక్కెళ్లే బండి కూడా వీధిలోకి రాలేదు.

తాపీ_గుణుపురం:
బిజిపూర్ గారూ, మీరు ఎటు తిరుగుతారో, ఆ వైపు దిమ్మకీ పక్కింటి హద్దుకీ మధ్య ఎన్ని అడుగులుందో కొలిచి పెట్టండి. మూడడుగులుంటే దిమ్మ జరపడం గురించి మాట్లాడదాం, లేకపోతే దిమ్మ మూల నలభై అయిదు డిగ్రీలకి కోయడమే దారి.