మడ అడవి సినిమాలో ఏరియేటర్ల మోత ఉంచాలా, తీసేయాలా?

పాయగట్టు: కోరింగ మడ అడవుల అంచున ఒక పాయలో చిన్న సినిమా తీస్తున్నాం. కథ లేదు, వ్యాఖ్యానం లేదు, సంగీతం లేదు. పోటెక్కేటప్పుడు, పాటు తీసేటప్పుడు అక్కడ ఏం వినిపిస్తుందో అదే సినిమా. నీళ్లలోకి హైడ్రోఫోన్ (నీటి లోపలి చప్పుళ్లు పట్టే మైకు) దింపితే మూకుడులో పేలాలు వేగుతున్నట్టు చిటపటలు. అవి ఒక జాతి చిన్న రొయ్యలవి. డెక్క టక్కున మూసినప్పుడు నీళ్లలో బుడగ పుడుతుంది, ఆ బుడగ చితికితే వచ్చే చప్పుడు అది, డెక్కలు కొట్టుకున్నది కాదు, 2000లో తేల్చారు ఆ సంగతి. ఇంతవరకూ బాగానే ఉంది. పైన పెట్టిన మైకులో మాత్రం రాత్రంతా గట్టవతల రొయ్యల చెరువుల ఏరియేటర్లే, అంటే నీళ్లను చిలికి గాలి కలిపే మోటారు చక్రాలు. మా ఎడిటర్ తీసేద్దామంటోంది, నాకు మనసొప్పడం లేదు.

ముమ్మిడివరం మైకు: తీసేయండి, ఇందులో చర్చేముంది? జనం వచ్చేది అడవిని వినడానికి. మోటారు మోత మా ఇంటి వెనకే ఉచితంగా దొరుకుతుంది.

హెడ్‌ఫోన్ మాస్టారు: అంత తేలిక కాదండీ. మోటారు గుయ్‌మనేది కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, ఫిల్టర్‌తో చాలావరకు తగ్గుతుంది. రెక్కలు నీళ్లను కొట్టే చప్పుడు అలా కాదు, కింది నుంచి పైదాకా పరుచుకుని ఉంటుంది, దాన్ని కోస్తే కీచురాళ్లు, కప్పలు కూడా దాంతోపాటే పోతాయి. ఇంకో మాట. కెనడా స్వరకర్త హిల్డెగార్డ్ వెస్టర్‌క్యాంప్ 1989లో వాంకూవర్ తీరం మీద చేసిన ‘కిట్స్ బీచ్ సౌండ్‌వాక్’ వినండి. రాళ్లకు అంటుకున్న నత్తల్లాంటి జీవాల చిన్న చప్పుళ్లను నగరం హోరు మింగేస్తుంటే, స్టూడియోలో ఆ హోరును ఫిల్టర్‌తో తీసేస్తున్నానని ఆవిడ మనకు చెప్పి మరీ తీసేస్తుంది. మీ సినిమా నోరే మెదపదు కదా, తీసేశామని ఎక్కడ చెబుతారు?

ముమ్మిడివరం మైకు: మాస్టారూ, మరి కెమెరాని చెరువుల వైపు కాకుండా అడవి వైపు తిప్పినప్పుడు ఎవరికి చెప్పారు? బొమ్మలోంచి చెరువును తప్పించొచ్చు గానీ, శబ్దంలోంచి తప్పించకూడదా?

హెడ్‌ఫోన్ మాస్టారు: మైకు కూడా అటు తిప్పుకోండి, కాదన్నదెవరు? వచ్చి పడిన దాన్ని తర్వాత చెరిపేయడం వేరు. గీత సన్నదే, కానీ ఉంది.

గట్టుకాపలా: ఆయ్, మాది వనామీ రొయ్యల చెరువేనండి, అంటే మీరంతా తిడుతున్న మోత మాదే. పగలు నీళ్లలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు రొయ్యతో పోటీపడి వాడేసుకుంటుంది, అందుకే తెల్లవారుజామున బాగా పడిపోతుంది, అప్పుడు గనక చక్రాలు ఆగాయంటే రొయ్య పైకి తేలిపోయి గంటల్లో పంట మొత్తం పోతుందండి. అందుకని షెడ్డులో పడుకున్నోడికి చక్రం తిరుగుతుంటేనే నిద్ర, ఆగితే మెలకువ, ఆ తర్వాత ఒకటే టెన్షన్. మీకు నిశ్శబ్దం ఇష్టం, మాకు అదంటేనే భయం. అలాగని మాది మంచి చప్పుడని అనట్లేదు, మడ కొట్టి తవ్విన చెరువులు ఈ డెల్టాలో ఎన్నున్నాయో నాకూ తెలుసు. కానీ ఆ గట్టు మీద రాత్రంతా చెవి ఒగ్గి వినేవాళ్లు మీరొక్కరే కాదండి. తీసేయడం ఎందుకు, సినిమాలో ఒకసారి దాన్ని ఆగనివ్వండి.

ముమ్మిడివరం మైకు: ఇది ఒప్పుకుంటాను. కానీ ఎడిటింగ్‌లో ఆపితే మళ్లీ మొదటికే వచ్చినట్టు. నిజంగా ఆగినప్పుడు పట్టాలి.

పాయగట్టు: అంటే కరెంటు పోయేదాకా కాచుక్కూర్చోవాలా?

గట్టుకాపలా: పోయిన వెంటనే జనరేటర్ వేసేస్తామండి, మధ్యలో మీకు దొరికేది నిమిషమో రెండు నిమిషాలో. మైకు ముందే ఆన్ చేసి ఉంచుకోండి. మీ కోసం ఆపమని మాత్రం అడక్కండి, అది కుదరదు.