ఆస్వాల్డ్ మళ్ళీ చూశాను. మా అవ్వ చెప్పిన కథ ఇది కాదు!

మల్బరీతోట:

ప్రశ్న చిన్నదే. కానీ ముందు కథ చెప్పకపోతే అర్థం కాదు, కొంచెం ఓపిక పట్టండి.

పోగో ఛానల్లో ఆస్వాల్డ్ అనే పిల్లల కార్టూన్ వచ్చేది గుర్తుందా? నీలం రంగు ఆక్టోపస్, నెత్తిన నల్ల టోపీ, వెంట ఒక కుక్కపిల్ల. 2006లో నాకు నాలుగేళ్ళు. మాది హిందూపురం పక్క పల్లె. ఇంట్లో పట్టుపురుగులు మేపేవాళ్ళం. అమ్మానాన్న ఆకు కోతకి తోటలోకి పోతే నేనూ అవ్వా టీవీ ముందు. ఆ బొమ్మలు హిందీలో మాట్లాడేవో ఇంగ్లీషులో మాట్లాడేవో, మా ఇద్దరికీ రెండూ ఒకటే. అందుకే కథ అవ్వే చెప్పేది. బొమ్మలు వాళ్ళవి, కథ ఆమెది.

ఆక్టోపస్‌ని మా ఊళ్ళో ఎవరు చూశారు? "నీలంగా ఉండాడంటే మంచోడే నాయనా, కృష్ణుని రంగు" అని తేల్చేసింది. ఆ కుక్కపిల్ల వీనీ ఒంటికి ఏదో చుట్టినట్టు ఉంటుంది కదా? "దానికి సలి పెడ్తాంది, అందుకే బొంత కప్పినారు" అంది. నేను నమ్మాను. ఇరవై ఏళ్ళు నమ్మాను.

మేడమ్ బటర్‌ఫ్లై అని హోటల్ నడిపే సీతాకోకచిలుక ఉంది చూడండి, ఆమె మీద మాత్రం అవ్వకి కోపం. గూడుకి బొక్క పెట్టుకుని పురుగు బయటికొస్తే పోగు తెగిపోతుంది, ఆ గూడుని దారం తీయడానికి ఎవరూ కొనరు. "దీని పాటికి ఇది బయటికొచ్చి హోటల్ పెట్టుకుంది, గూడు నష్టం ఎవరికి?" అనేది. ఆమె బిడ్డ గొంగళిపురుగు అని మాత్రం ఎవరూ చెప్పకుండానే చూడగానే పట్టేసింది. "ఇది ఇంకా రెండో జ్వరంలో ఉంది" అని కూడా చెప్పింది. (మా వైపు పురుగు పొర విడిచేదాన్ని జ్వరం అంటాం. గూడు కట్టే లోపల నాలుగుసార్లు వస్తుంది.)

ఇక హెన్రీ, ఆస్వాల్డ్ పక్కింటి పెంగ్విన్. ఇంటి నిండా స్పూన్లు. మా చిన్నాయన పెళ్ళిలో డజను స్పూన్లు పోయాయి. అవి ఈయనే ఎత్తుకపోయినాడని అవ్వ ఖాయం చేసింది. తెర మీద హెన్రీ కనబడితే చాలు, నేను లేచి "దొంగ! దొంగ!" అని అరిచేవాణ్ణి.

మొన్న ఆదివారం బెంగళూరు రూములో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని యూట్యూబ్‌లో నాలుగు ఎపిసోడ్లు వరసగా చూశాను. ఇప్పుడు ఇంగ్లీషు అర్థమవుతుంది కదా. వీనీకి చలీ లేదు, బొంతా లేదు. అది హాట్‌డాగ్ (బన్ను మధ్యలో సాసేజ్ అనే పొడవాటి మాంసం ముక్క పెట్టే తిండి) ఆకారంలో గీసిన కుక్క! ఆ చుట్టింది బన్ను! హెన్రీ దొంగ కాదు, స్పూన్లు సేకరించి తుడుచుకుంటూ మురిసిపోయే అమాయకుడు. కాసేపు నిజంగానే మనసు పాడయింది, నవ్వకండి.

ఇంకోటి. అవ్వ కథలన్నీ ఒకే రకంగా అయిపోయేవి: "అందరూ అన్నం తిని పండుకున్నారు." ఎందుకో ఇప్పుడు తెలిసింది. అది పురుగులకి ఆకు వేసే టైము. నాలుగో జ్వరం లేచాక అవి రాత్రీ పగలూ తింటాయి. తలుపు తీస్తే లోపల సన్నగా వాన పడుతున్నట్టు చప్పుడు. కథ ఎక్కడుంటే అక్కడే ఆపి అవ్వ లేచిపోయేది.

వచ్చే నెల అక్క కూతురు ఊరికి వస్తోంది, దానికీ నాలుగేళ్ళే. ఆస్వాల్డ్ చూపిద్దామని ఉంది. ఏ కథ చెప్పాలి, వాళ్ళదా, అవ్వదా? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

పాతరిమోట్:

బ్రో, "వీనీ" అంటేనే సాసేజ్. పేరులోనే చెప్పేశారు, మనకే తెలియలేదు. ఆస్వాల్డ్‌ని పుట్టించింది డాన్ యాకరినో అనే అమెరికన్ బొమ్మల రచయిత. అక్కడ 2001లో నికెలోడియన్ అనే పిల్లల ఛానల్లో మొదలైంది. మొత్తం 26 ఎపిసోడ్లే. మనకేమో రోజూ కొత్తది వచ్చినట్టు ఉండేది, తిప్పి తిప్పి అవే వేశారన్నమాట. మన దగ్గర పోగో మొదలైందే 2004 జనవరిలో.

పెద్దయ్యాక నాకు నచ్చింది పాట. ఆ పియానో, నెమ్మదిగా నడిచే ఆ సంగీతం ఇవాన్ లూరీ అనే జాజ్ ఆయనది. ఈసారి కళ్ళు మూసుకుని విను.

సిద్దిపేటక్క:

తమ్మీ, మా ఇంట్ల అవ్వ కాదు, మా అన్న చెప్పేటోడు. వాడు చెప్పిందంతా అబద్ధమే. పోంగో అని పెద్ద డ్రాగన్ ఉంటది చూడు, హోంవర్క్ చెయ్యకపోతే అది మన గల్లీకొస్తదని చెప్పిండు. పెద్దగైనంక చూస్తే పాపం అది అందరికన్న మెత్తనిది. వాడి మీద ఇప్పటికీ కోపమే.

మా బాబుకి చూపించిన. రెండు నిమిషాలు చూసి "అమ్మా, ఇది స్టక్ అయింది" అన్నడు. స్టక్ కాలే, ఆస్వాల్డ్ నడుస్తున్నడు అంతే. ఇప్పటి వీడియోల స్పీడుకు అలవాటైన కండ్లు. నా మాటినుర్రి, పాపకి ఫోన్ల చూపియ్యకు, టీవీల పెట్టి పక్కన కూసో. నువ్వు పక్కన లేకపోతే ఏ కథా నిలువది.

నూట్‌నూట్:

పింగు అనే పెంగ్విన్ కార్టూన్ చూసి పెరిగిన మా బ్యాచ్‌కి ఈ బాధే లేదు. ఆ స్విట్జర్లాండ్ మట్టిబొమ్మలు ఏ భాషా మాట్లాడవు. మొదట్లో ఆ గొంతులన్నీ కార్లో బొనోమి అనే ఇటలీ ఆయన ఒక్కడే చేశాడు, అర్థం లేని శబ్దాలతో. జెనీవాలో పిల్లకి ఎంత అర్థమైందో గుంటూరులో నాకూ అంతే అర్థమైంది. పాతికేళ్ళ తర్వాత చూసినా అదే కథ. మోసపోయే ఛాన్సే లేదు.

అయితే నిజం చెప్పనా? మీ పోస్టు చదివాక కొంచెం కుళ్ళుగా ఉంది. నాకు ఎవరూ కథ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమే రాలేదు.

కోడిగుడ్డుపై_ఈకలు:

నేను ఒప్పుకోను. అవ్వ కథ అవ్వ నోట్లోనే బాగుంటుంది. మీరు చెబితే అది అప్పు తెచ్చుకున్న కథ. పాపకి టీవీ పెట్టండి, శబ్దం తీసేయండి, మీకు తోచింది చెప్పండి. హాట్‌డాగ్ అని చెప్తే మాత్రం అది వెంటనే ఆర్డర్ పెట్టమంటుంది, చూసుకోండి.

మల్బరీతోట:

అందరికీ థాంక్స్. సిద్దిపేటక్కా, ఫోన్ వద్దన్న మాట రాసిపెట్టుకున్నా.

అప్‌డేట్ ఏంటంటే, నిన్న రాత్రి అవ్వకి ఫోన్ చేశాను. ఇప్పుడు డెబ్బై ఎనిమిది, మా చిన్నాయన ఇంట్లో ఉంటుంది, పురుగులు మానేసి ఎనిమిదేళ్ళయింది. "చిన్నప్పుడు బొమ్మల కథలు చెప్పేదానివి కదవ్వా" అంటే, "నేనా? నాకు ఆకు వేసేదానికే దినం సాలేది కాదు, బొమ్మలు ఎప్పుడు చూసినా?" అంది. ఒక్క ముక్కా గుర్తులేదు.

వీడియో కాల్ చేసి ల్యాప్‌టాప్ తెర వైపు ఫోన్ తిప్పి చూపించాను. ఆస్వాల్డ్‌ని చూసి ఏమీ అనలేదు. వీనీ రాగానే ఫోన్‌కి కళ్ళు ఆనించి, "ఇంకా బొంత తీయలేదా దానికి?" అంది.

బన్ను సంగతి చెప్పలేదు. స్పూన్ల విషయంలో మాత్రం హెన్రీ తరఫున వాదించి చూశాను, దొంగతనం కాదవ్వా, సేకరణ అని. ఒప్పుకోలేదు. మన డజను స్పూన్లు వాడి ఇంట్లో ఉన్నాయేమో లెక్కపెట్టి చెప్పమంది.