బరువు తగ్గడం చేతనైంది, తగ్గినదాన్ని నిలబెట్టుకోవడం చేతకావట్లేదు. మీరు ఎట్ల చేస్తున్నారు?

టైలర్ అక్క, అనంతపురం

అందరికీ నమస్తే. మాది అనంతపురం, పాతూరు. పద్దెనిమిదేళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. నాకు 42 ఏళ్లు, ఎత్తు 155 సెంటీమీటర్లు. 2022 సంక్రాంతికి 78 కేజీలు ఉన్నాను. అదే ఏడాది డిసెంబరుకు 64కి వచ్చాను. ఈరోజు పొద్దున చూసుకుంటే 73.

తగ్గడం ఎట్లా అని అడగడం లేదు. 14 కేజీలు తగ్గినదాన్ని. తగ్గాక అక్కడే ఎట్లా ఉంటారో చెప్పండి.

నాకు ధర్మవరం పట్టుచీర మీదికి కుట్టుకున్న జాకెట్టు ఒకటుంది, మా చెల్లెలి పెళ్లప్పటిది. పక్కల లోపల గుడ్డ ఎక్కువ వదిలి వరుసగా నాలుగు కుట్లు వేసుకున్నాను. లావైతే లోపలి కుట్టు విప్పేస్తే దాని పక్కది పట్టుకుంటుంది. 78 ఉన్నప్పుడు మూడు విప్పేసి, చిట్టచివరి కుట్టు ఒక్కటే మిగిలింది. 64కి వచ్చిన రోజు రాత్రి అందరూ పడుకున్నాక ఆ మూడు కుట్లూ మళ్లీ వేసుకున్నాను. మూడోది వేస్తుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. పోయిన ఏడు ఉగాదికి ఒక కుట్టు విప్పాను. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి రెండోది. మొన్న కార్తీకంలో బంధువుల పెళ్లికి మూడోది విప్పాలని బ్లేడు చేతిలోకి తీసుకున్నాను. మనసొప్పలేదు. వేరే చీర కట్టుకుని పోయాను.

అప్పుడు ఎట్లా తగ్గానంటే, ఊళ్లోనే ఒకచోట చేరాను. పొద్దున, రాత్రి వాళ్లిచ్చే పొడి కలుపుకుని తాగాలి, మధ్యాహ్నం ఒక్క పూటే భోజనం. నెలకు ఏడు వేలు. మొదటి నాలుగు నెలల్లోనే 9 కేజీలు పోయాయి. దువ్వెనకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. 2023 ఫిబ్రవరిలో డబ్బుకు ఇబ్బందై మానేశాను. అప్పట్నుంచి పెరగడమే. మళ్లీ పోయి అడిగితే "మీకే కంట్రోల్ లేదమ్మా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. నేను తిండిపోతును కాదు. పొద్దున రెండు దోసెలు, ఆదివారమైతే ఉగ్గాని. మధ్యాహ్నం అన్నం బాగా తగ్గించి పప్పు, కూర. నాలుగింటికి టీ, బొరుగులు, చెనిక్కాయలు. రాత్రి రాగి సంగటి.

మా అత్త అయితే తగ్గినప్పుడు "చిక్కిపోయినావు, ఏం జబ్బే నీకు" అనేది. ఇప్పుడు అదే మనిషి "మళ్లీ ఊరినావే" అంటోంది. రోజంతా టేపు పట్టుకుని ఇతరుల నడుములు కొలుస్తాను. నా నడుము చుట్టూ టేపు వేసుకోవాలంటే భయమేస్తోంది. తగ్గి, రెండు మూడేళ్లైనా అక్కడే నిలబడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

కండక్టరు, కర్నూలు

చెల్లెమ్మా, నాకు 51. 2019లో 94 ఉండేవాణ్ణి, ఇప్పుడు 78. ఐదేళ్లుగా అటు ఇటు రెండు కేజీలే. అంతకుముందు మూడుసార్లు తగ్గి మూడుసార్లు పెరిగినవాణ్ణి కాబట్టి నీ బాధ నాకు తెలుసు.

మొదటి మూడుసార్లు ఏం చేశానంటే, బరువు తగ్గడానికి ఒక తిండి, తగ్గాక మామూలు తిండి. నాలుగోసారి ఎప్పటికీ తినగలిగే తిండితోనే తగ్గాను. అందుకే ఏడాదిన్నర పట్టింది. నెలకు ఒక కేజీ కూడా తగ్గలేదు కొన్నిసార్లు. ఇంట్లో వాళ్లకు అసలు తెలియనే లేదు.

రెండోది, ప్రతి శుక్రవారం పొద్దున లేవగానే బరువు చూసే మిషన్ ఎక్కుతాను. క్యాలెండర్‌లో రాస్తాను. 80 దాటితే ఆ వారమే సరిచేస్తాను, పండగుందా పెళ్లుందా అని చూడను. నీకు తొమ్మిది కేజీలు ఒక్కరోజులో రాలేదు కదా తల్లీ. మొదటి రెండు వచ్చినప్పుడు మిషన్ ఎక్కడం మానేసి ఉంటావు. నేనూ అంతే చేసేవాణ్ణి. పెరిగిందని తెలిసే రోజుల్లోనే చూడబుద్ధి కాదు.

శ్రీశైలం డ్యూటీ పడితే టిఫిన్ బాక్సు వెంట ఉంటుంది. రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర పప్పు, ఉడికించిన గుడ్లు రెండు. హోటల్ దగ్గర బస్సు ఆగినప్పుడు నేను బస్సులోనే తింటాను. కర్నూల్లో ఉంటే కేసీ కెనాల్ గట్టున యాభై నిమిషాలు నడక. ఎండాకాలం తెల్లవారుజామున నాలుగున్నరకే.

రాయచోటి అన్న

రాత్రిపూట సంగటి తింటున్నారు కాబట్టి సరిపోతుంది మేడమ్. పరగడుపున జీలకర్ర నీళ్లు తాగండి, కొవ్వంతా కరిగిపోతుంది. మా ఇంట్లో అందరూ తాగుతాం.

డైటీషియన్, కడప

జీలకర్ర నీళ్లు తాగితే నష్టమేమీ లేదన్నా, కానీ కొవ్వు కరగదు. అక్క మళ్లీ ఆరు నెలలు దాని మీద నమ్మకం పెట్టుకుంటే బాధేస్తుంది, అందుకే చెబుతున్నాను.

అక్కా, నేను కడపలో ఒక ఆసుపత్రిలో డైటీషియన్‌ని. మొదట ఆ "కంట్రోల్ లేదు" అన్న మాట గురించి. బరువు తగ్గినప్పుడు శరీరం దాన్ని కరువు కిందే లెక్కేస్తుంది. తగ్గిన ప్రతి కేజీకి రోజువారీ ఖర్చు సుమారు 20 నుంచి 30 క్యాలరీలు పడిపోతుంది, ఆకలి మాత్రం సుమారు 100 క్యాలరీలంత పెరుగుతుంది. మీరు 14 కేజీలు తగ్గారు, లెక్క వేసుకోండి. కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ తగ్గుతుంది, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది. బరువు తగ్గి ఏడాదైనా ఈ తేడా అట్లే ఉందని 2011లో ఒక పరిశోధనలో చూశారు. మీరు పొడి మానేసిన రోజు నుంచి ఈ ఆకలితో ఒంటరిగా పోరాడారు. దాని గురించి మీకు ఒక్క మాట కూడా చెప్పకుండా డబ్బు తీసుకున్నారు చూడండి, నాకు కోపం అక్కడే. జుట్టు ఊడటం కూడా అంత వేగంగా తగ్గినందుకే, అది మీ తప్పు కాదు.

అమెరికాలో 1994లో ఒక రిజిస్ట్రీ మొదలైంది. 13 కేజీలకు పైగా తగ్గి, కనీసం ఏడాది అక్కడే నిలబడినవాళ్ల వివరాలు అందులో ఉంటాయి. వాళ్లు తగ్గిన దారులు వేర్వేరు. నిలబడిన తీరు మాత్రం చాలావరకు ఒకటే: ఎక్కువమంది రోజుకు దాదాపు గంటసేపు వ్యాయామం చేస్తారు, అదీ ఎక్కువగా నడకే. వారానికి ఒక్కసారైనా బరువు చూసుకుంటారు. టీవీ తక్కువ. కండక్టర్ అన్న ఎవరూ చెప్పకుండానే ఆ దారిలోకి వచ్చాడు.

సంగటి సంగతి. రాగుల్లో కాల్షియం, పీచు బియ్యం కంటే చాలా ఎక్కువ, మంచి తిండే. కానీ 100 గ్రాముల రాగిపిండిలో 320 క్యాలరీలు, బియ్యంలో 355. తేడా అంతే. అందులోనూ మన సంగటిలో బియ్యం పడుతుంది, పక్కన నెయ్యి, చెనిక్కాయల ఊరిబిండి. ముద్ద ఎంత సైజు అన్నదే లెక్క.

ఇప్పుడు నాకు మూడు సంగతులు చెప్పండి. నెలకు ఇంట్లో నూనె ఎంత, ఎంతమంది? సాయంత్రం చెనిక్కాయలు ఎన్ని గ్రాములు? 2023లో మీ రోజువారీ పనిలో ఏం మారింది? తిండి కాదు, పని. ఇంకోటి, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, షుగర్ పరీక్ష చేయించుకోండి. భయపడకుండా నడుము కొలుచుకోండి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

టైలర్ అక్క, అనంతపురం

నాలుగు రోజులైంది, అందుకే ఆలస్యం. మీరు అడిగినవన్నీ చూశాను.

నూనె నెలకు ఐదు లీటర్ల డబ్బా. నేను, మా ఆయన, అత్త, అబ్బాయి, నలుగురం. మా అబ్బాయి లెక్క వేశాడు. తలా రోజుకు 42 మిల్లీలీటర్లు, దాదాపు 340 క్యాలరీలు. నేను అన్నం తగ్గించాను అనుకుంటూ ఉన్నాను, తాలింపు సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు.

చెనిక్కాయలు రోజూ తినేంత తీసి, పక్కింటి కిరాణా కొట్లో తూకం వేయించాను. పొట్టు తీసినవి 60 గ్రాములు. 90 గ్రాముల బియ్యంతో సమానమని అబ్బాయి చెబితే నమ్మలేదు. మనది చెనిక్కాయల సీమ, ఇంట్లో ఎప్పుడూ సంచి ఉంటుంది, వాటిని తిండి కింద నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. కుట్టు పనిలో ఎడమ చేత్తో తీసుకోవడం, నోట్లో వేసుకోవడం. ఎన్నిసార్లు చేయి పోతోందో తెలియదు.

మూడో ప్రశ్నకు మొదట ఏమీ మారలేదని రాయబోయాను. తర్వాత మిషన్ ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది. 2023 దసరాకు ఆర్డర్లు ఎక్కువై మిషన్‌కు మోటార్ పెట్టించాను. అంతకుముందు తొక్కుడు మిషనే. రోజుకు ఆరేడు గంటలు రెండు కాళ్లతో తొక్కేదాన్ని. పండగ రోజుల్లో పదకొండు గంటలు కూడా. పిక్కలు గట్టిగా ఉండేవి. ఇప్పుడు కుడి కాలి వేళ్లతో పెడల్ మీద కొంచెం నొక్కితే చాలు, రోజంతా కాళ్లు కదలవు. ఈ రెండేళ్లలో ఒక్కరోజైనా ఈ సంగతి నా తలకు తట్టలేదు. ఆ పొడి మనుషులు గానీ, నేను వెళ్లిన డాక్టరు గానీ ఏం పని చేస్తావని అడగలేదు.

టీఎస్‌హెచ్ నార్మలే. షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. నడుము కొలుచుకున్నాను. 97.

డైటీషియన్, కడప

అక్కా, మోటార్ తీసేయమని నేను చెప్పను, మీ ఆదాయం దాని మీద ఉంది. అయితే పోయిన కదలికను వేరేచోట తెచ్చుకోవాలి. ఒక జాకెట్టు పూర్తయిందంటే లేచి పది నిమిషాలు ఇల్లు, మిద్దె తిరగండి. గుండీలు, హుక్కులు కుట్టే పని కూర్చుని కాకుండా నిలబడి చేయగలరేమో చూడండి. పొద్దున నడక వేరే.

నూనె ఐదు లీటర్ల నుంచి మూడుకు తెస్తే మీకొక్కరికే రోజుకు 135 క్యాలరీల దాకా తగ్గుతుంది, ఇంటిల్లిపాదికీ మేలు. చెనిక్కాయలు మానొద్దు, చిన్న గిన్నెలో 20 గ్రాములు పెట్టుకుని సంచి అటక మీద పెట్టండి. ఉదయం దోసెతో పాటు ఒక గుడ్డు, మధ్యాహ్నం పప్పు చిక్కగా. ప్రొటీన్ ఉంటే ఆకలి ఆగుతుంది.

64 సంగతి ఇప్పటికి వదిలేయండి. 69కి రండి, తర్వాత మూడు నెలలు అక్కడే ఉండటం నేర్చుకోండి. బరువులో 5 శాతం తగ్గినా షుగర్ విషయంలో తేడా కనిపిస్తుంది, మీకది నాలుగు కేజీల కంటే తక్కువే. తగ్గే పని మీకు వచ్చు. ఉండే పని ఇంతవరకు ఎవరూ నేర్పలేదు.

తాడిపత్రి నుంచి

మేడమ్, ఇప్పుడు ఇంజెక్షన్లు వచ్చాయి కదా, వారానికి ఒకటి. అక్క అది వేసుకోకూడదా? ఇంత కష్టం ఎందుకు?

డైటీషియన్, కడప

మౌంజారో అనే అలాంటి ఇంజెక్షన్ 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది. పనిచేసే మందే, కొందరికి చాలా అవసరం కూడా. డాక్టరు చూసి రాస్తేనే వాడాలి. వచ్చిన కొత్తలో దాని ఖర్చు మాత్రం నెలకు అక్క చెప్పిన ఏడు వేలను దాటింది. ఇదే కోవలోని సెమాగ్లూటైడ్ అనే ఇంకో మందు మీద చేసిన పరిశోధనలో, ఆపేసిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. అక్క బాధ తిరిగి రావడం గురించే కదా. వేసుకున్నా వేసుకోకపోయినా ఈ నడక, ఈ నూనె లెక్క తప్పవు.

కండక్టరు, కర్నూలు

చెల్లెమ్మా, ఒక మాట. ఇంట్లో మీ అత్తకు ముందే చెప్పు, డాక్టరు షుగర్ బోర్డర్‌లో ఉందన్నాడని. "బరువు తగ్గాలి" అంటే మా అమ్మ వినలేదు, "షుగర్" అనగానే నా కంచంలో రెండోసారి వడ్డించడం మానేసింది.

టైలర్ అక్క, అనంతపురం

మూడు వారాలైంది, చెప్పిపోదామని వచ్చాను.

అన్న చెప్పినట్టే అత్తకు షుగర్ అని చెప్పాను. ఆ రోజు ఏమీ అనలేదు. మర్నాడు సంగటి ముద్ద తానే చిన్నగా చేసి నా కంచంలో పెట్టింది, పక్కన నెయ్యి పెట్టలేదు. గోంగూర పప్పు మాత్రం గరిటె నిండా వేసింది. పెళ్లై ఇరవై ఏళ్లైంది, నా కోసం ఆమె అట్లా ఆలోచించి వడ్డించడం నాకు గుర్తులేదు.

నూనె డబ్బా మీద మార్కర్‌తో గీతలు గీశాను, వారానికి ఒక గీత. మొదటి వారం ఐదో రోజుకే గీత దాటింది. మూడో వారం దాటలేదు. ఉగ్గాని ఆదివారం చేస్తున్నాను, బజ్జీలు మాత్రం మా ఆయనకు, అబ్బాయికి. ఒక ఆదివారం నేనూ రెండు తిన్నాను, అయినా ఆ శుక్రవారం మిషన్ ఎక్కాను. అదే నాకు పెద్ద సంగతి. 73, 72.6, 72.1, మొన్న 71.8. క్యాలెండర్‌లో రాసి వంటింట్లో తగిలించాను, అందరికీ కనపడేటట్టు.

రెండు జాకెట్లకు ఒకసారి లేచి మిద్దెమీద తిరుగుతున్నాను, ఒక్కోదానికి లేవడం ఆర్డర్ల ఒత్తిడిలో కుదరట్లేదు. పట్టు జాకెట్టు బీరువాలోనే ఉంది. దాని జోలికి పోలేదు. 69కి వచ్చి మూడు నెలలు ఉన్నాకనే తీస్తాను.

పొద్దున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పోతున్నాను, చీకట్లోనే. ఒక్కదాన్నే పోవాలంటే కొన్ని రోజులు బద్ధకం, కొన్ని రోజులు భయం. అనంతపురంలో ఆడవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే రండి. ఐదుంపావుకు గేటు దగ్గర ఉంటాను, ఆకుపచ్చ శాలువా కప్పుకుని. ఎవరూ కనపడకపోతే ఐదున్నర దాకా చూసి నడక మొదలుపెడతాను.