పిత్తనాళాన్ని ధమని నొక్కుతున్నదట: ఆపరేషన్ చేయించాలా, ఆగాలా?

మిర్యాలగూడ_పెద్దకొడుకు:
మా నాయనకు 62 ఏళ్లు. కొన్నాళ్లుగా ఒళ్లంతా దురద, మూత్రం ముదురు పసుపు, మలం తెల్లమట్టి రంగు. రక్తంలో కామెర్లను చూపే బిలిరుబిన్ 9 ఉన్నది. స్కానింగులో రాయి కనపడలేదు గానీ కాలేయం లోపలి నాళాలు ఉబ్బాయన్నారు. హైదరాబాదులో ఎంఆర్‌సీపీ (పిత్తనాళాలను చూపే ఎంఆర్‌ఐ స్కానింగు) తీసి, కుడి కాలేయ ధమని పిత్తనాళానికి ముందు నుంచి దాటుతూ దాన్ని నొక్కుతున్నదని, ఆపరేషన్ చేయాలని చెప్పారు. ఇట్లాంటి జబ్బు నిజంగా ఉంటుందా?

పాలమూరు_వాసి:
ఆ ధమని నాళానికి వెనక నుంచి పోతుందని ఏ అనాటమీ పుస్తకం తెరిచినా ఉంటుంది. పైగా ఎంఆర్‌సీపీలో ధమని కొట్టుకోవడం వల్ల నాళం తెగినట్లు ఉత్తుత్తి నీడ పడుతుందని రేడియాలజిస్టులందరికీ తెలుసు. నీడను చూసి కడుపు కోయించుకోకండి.

కల్వకుర్తి_రైతు:
మా ఊళ్లో పసరు పోస్తారు, మూడు పూటల్లో తగ్గుతుంది.

దేవరకొండ_ల్యాబ్:
రైతు అన్నా, నాళం మూసుకుపోయిన కామెర్లకు పసరు పనిచేయదు. చీము పడితే ప్రాణం మీదికి వస్తుంది. పాలమూరు సార్, చాలామందిలో వెనక నుంచే పోతుంది, నిజమే, కానీ కొందరిలో ముందు నుంచి పోతుంది. మీరు చెప్పిన నీడ కూడా ఉన్నదే. అయితే అది వట్టి నీడే అయితే కాలేయం లోపలి నాళాలు ఉబ్బవు, బిలిరుబిన్ 9కి చేరదు. ఇక్కడ ఆ రెండూ ఉన్నాయి. ఇది అరుదు, అంతేగాని అబద్ధం కాదు.

పాలమూరు_వాసి:
ముందా, వెనకా అన్నది మీరింకా తేల్చలేదు.

దేవరకొండ_ల్యాబ్:
రక్తనాళాలను చూపే సీటీ యాంజియో స్కానింగు తీస్తే తేలుతుంది. ఎండోస్కోపీ అల్ట్రాసౌండుకు రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ తోడైతే నాళాన్ని ఆనుకొని ఉన్నది రక్తనాళమా, గడ్డా అన్నది కూడా తెలుస్తుంది. అయినా వెనక నుంచి పోయే ధమని కూడా నొక్కవచ్చు. మీరు ఆ ఒక్క మాటనే ఎందుకు పట్టుకున్నారు?

పాలమూరు_వాసి:
ఎందుకంటే మా అన్నకు కూడా ధమనే అన్నారు. ప్లాస్టిక్ స్టెంటు వేశారు, అది పూడుకుపోయిన ప్రతిసారీ చలిజ్వరం, మళ్లీ కొత్త స్టెంటు. చివరికి తేలింది పిత్తనాళపు క్యాన్సర్. అప్పటికి కోయడానికి వీలు లేకుండా పోయింది. ధమని అన్న ఒక్క మాటతో మమ్మల్ని నిద్రపుచ్చిన వాళ్లను మీరు వెనకేసుకొస్తున్నారు.

నల్లగొండ_టీచర్:
ఇద్దరూ కొంచెం నెమ్మది.

దేవరకొండ_ల్యాబ్:
నేనెవరినీ వెనకేసుకురాలేదు. మీ అన్న విషయంలో జరిగింది ఘోరం. కానీ సార్, మీరు మొదట అన్నది ధమని నొక్కదని. ఇప్పుడు అంటున్నది క్యాన్సర్ లేదని తేల్చకుండా ధమని మీదికి నెట్టవద్దని. ఈ రెండోదానితో నాకు పేచీ లేదు.

పాలమూరు_వాసి:
అయితే తేలేదాకా ఆగమని చెప్పండి.

దేవరకొండ_ల్యాబ్:
మన తగాదా అసలు అక్కడే ఉన్నది. నాళంలోంచి బ్రష్‌తో తీసిన కణాలలో క్యాన్సర్ కనపడకపోతే లేదని అర్థం కాదు. క్యాన్సర్ అనుమానంతో రక్తంలో చూసే సీఏ 19-9 క్యాన్సర్ లేకుండా నాళం మూసుకుపోయినా పెరుగుతుంది. కొందరిలో కోసి, ఆ ముక్కను పరీక్షకు పంపితే తప్ప తేలదు. ధమనిని పక్కకు తప్పించినా, నాళాన్ని పేగుకు కలిపి కుట్టినా, ఆ ముక్క పరీక్ష కూడా అప్పుడే అవుతుంది. మీ అన్నకు చేటు చేసింది ఆగడమే కదా?

పాలమూరు_వాసి:
ఆగడం కాదు, చెప్పకపోవడం. అనుమానం ఉన్నదని ఒక్కరు చెప్పినా మేమే ఆపరేషన్ చేయమని అడిగేవాళ్లం.

మిర్యాలగూడ_పెద్దకొడుకు:
మా కాగితంలో క్యాన్సర్ మాటే లేదు. సీటీ యాంజియో కూడా తీయలేదు. రేపు ఆ రెండూ అడుగుతాను.

కల్వకుర్తి_రైతు:
పసరు సంగతి నేను మంచికే చెప్పిన.