సవర పిల్లలకు ఎలాంటి సైన్సు పుస్తకాలు తెప్పించాలి?

ప్రశ్న: కొండబడి మాస్టారు
సీతంపేట మన్యంలో ఒక ఆశ్రమ పాఠశాలలో ఆరు, ఏడు తరగతులకు సైన్సు చెబుతున్నాను. పిల్లలందరూ సవరలే. నాకు సవర రాదు. తరగతిలో ప్రశ్న వేస్తే తలలు దించుకుంటారు. సెలవు రోజున నన్ను కొండ ఎక్కించినప్పుడు మాత్రం ఏ ఆకు గాయానికి కట్టాలో, ఏ దుంపను ఉడికిస్తే తప్ప తినకూడదో నడుస్తూనే చెప్పుకుపోయారు. బీరువా నిండా పెంగ్విన్ల పుస్తకాలు, రాకెట్ల పుస్తకాలు ఉన్నాయి. బొమ్మలు చూసి మూసేస్తున్నారు. ఏ పుస్తకాలు తెప్పించమంటారు?

జవాబు: అడ్డతీగ
మాస్టారూ, నేను సవర అమ్మాయిని, బోటనీలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మైదానంలోని బడిలో నన్ను లెక్కల్లో మొద్దు అనేవారు. మా భాషలో లెక్క పన్నెండు దగ్గర మలుపు తిరుగుతుంది. పదమూడంటే పన్నెండూ ఒకటి. ముప్పై తొమ్మిదంటే ఇరవై, పన్నెండు, ఏడు. నేను అది తెలుగులోకి మార్చుకునేలోపు పక్కవాళ్లు జవాబు చెప్పేసేవారు. అది మొద్దుతనం కాదని ఆ వయసులో ఒక్కరైనా చెప్పి ఉంటే! రేపే ఆ లెక్క పిల్లల చేత బోర్డు మీద వేయించండి.

విత్తనాల వ్యాప్తి పాఠానికి అడ్డకాయ తెప్పించండి, విస్తళ్లు కుట్టే అడ్డాకు తీగకు కాసేదే. గింజల కోసం మా అమ్మ దాన్ని నిప్పుల పక్కన పెట్టేది. టప్పున పేలి, రెండు చెక్కలూ మెలితిరిగి, గింజలు ఎగిరిపోయేవి. చెక్కలోని రెండు పొరలు ఎండేటప్పుడు చెరో దిక్కుకు ముడుచుకుంటాయి. ఆ బిగువుకు అతుకు తెగుతుంది. నాకు ఈ కారణం డిగ్రీలో గానీ తెలియలేదు. మీ పిల్లలకు ఆరో తరగతిలోనే తెలియాలి.

జవాబు: పాత పంతులు
పుస్తకాలు కొనే ముందు ఒకటి పిల్లల చేత రాయించండి. రోజుకో ఆకును పాత పేపర్ల మధ్య నొక్కి, ఎండాక అతికించి, పక్కన సవర పేరు, తెలుగు పేరు, శాస్త్రీయ నామం. సవర పేరు ముందుండాలి, అది వాళ్లకు తెలిసిన పేరు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవర నేర్చుకుని, ఆ పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు రాశారు. మీరు కూడా కొంచెం సవర నేర్చుకోండి, పిల్లలే నేర్పుతారు.

కొండబడి మాస్టారు
ఆకుల పుస్తకం మొదలైంది, మొదటి పుట అడ్డాకుదే. బౌహీనియా వాహ్లీ అని పిల్లలే రాశారు. నేను తెచ్చిన కాయను చూసి, ఏడాదిగా నోరు విప్పని పాప, "ఇది పచ్చిది మాస్టారూ, పేలదు" అంది. ఎండలో పెట్టించింది. నాలుగో రోజు మధ్యాహ్నం పేలింది. గింజ ఎంత దూరం పడిందో కొలవమన్నాను. పాదం ముందు పాదం పెట్టి, సవరలోనే పైకి లెక్కపెట్టింది. పన్నెండు, పన్నెండూ ఒకటి, పన్నెండూ రెండు.