సెల్ మార్పించాక వాచ్ అద్దం లోపల చెమ్మ. 100 మీటర్లు అన్నది ఉత్త మాటేనా?

ఎల్బీనగర్ ప్రయాణికుడు (ప్రశ్న)

నాది క్వార్ట్జ్ చైన్ వాచ్. డయల్ మీద 100 మీటర్లు అనీ, వెనక మూత మీద 10 బార్ (ఒత్తిడి కొలత) అనీ ఉంది. సెల్ అయిపోతే పోయిన నెల ఇంటి దగ్గరి షాపులో మార్పించాను. ఆ రోజంతా ముసురు. అతను షట్టర్ పక్కనే కూర్చుని మూత విప్పాడు, సెల్ వేశాడు, బిగించి చేతిలో పెట్టాడు. అంతా టీ తాగినంత సేపట్లో అయిపోయింది. అప్పట్నుంచి బయట వేడిలో నడిచి మెట్రో ఎక్కితే చాలు, అద్దం లోపల 12 అంకె కింద గోరంత మసక పడుతోంది. అమీర్‌పేట వచ్చేలోపు పోతోంది. షాపుకి తీసుకెళ్తే "వానలో తడిపి ఉంటారు సార్" అంటాడు. తడపలేదు.

వచ్చే నెల కుటుంబంతో విశాఖ వెళ్తున్నాం, పిల్లలు సముద్రంలో దిగకుండా ఊరుకోరు. వాచ్ పెట్టుకుని దిగొచ్చా? బకెట్ నీళ్లలో ముంచి ఇంట్లోనే చూసుకోవచ్చా?

నాచారం బుల్లెట్

అన్నా, రాత్రంతా బియ్యం డబ్బాలో పెట్టు. నా ఫోన్ అట్లనే బతికింది.

అబిడ్స్ వాచ్ బల్ల

బియ్యం అన్నానికే వాడుకోండి. మూసి ఉన్న వాచ్ లోపలి తేమను బయటున్న బియ్యం ఎలా లాగుతుంది? పైగా గంజి పొడి క్రౌన్ (టైం తిప్పే పక్క బొడిపె) సందులో ఇరుక్కుంటే దాన్ని తీయడం నాలాంటివాడి ప్రాణానికొస్తుంది.

అబిడ్స్‌లో మాది వాచ్ రిపేరు బల్ల. మా నాన్న కాలంలో హెచ్‌ఎమ్‌టీ జనతాలు వచ్చేవి. అప్పుడు బార్‌ల గొడవే లేదు, స్నానానికి ముందు వాచ్ తీసి గూట్లో పెట్టేవాళ్లు. ఇప్పుడు అంకె చూసి ధైర్యం చేస్తున్నారు. ఆ అంకె కంపెనీ నుంచి బయటికొచ్చిన రోజు నాటి వాచ్‌ది. ఎవరైనా మూత విప్పారంటే, మళ్లీ ఒత్తిడి పెట్టి చూసే మెషీన్ మీద పరీక్ష చేసేదాకా ఆ అంకెను నేను లెక్కలోకి తీసుకోను.

మీ మసకకు రెండు కారణాలు ఉండొచ్చు. ముసురు రోజు మూత విప్పితే ఆ చెమ్మగాలే లోపల బందీ అవుతుంది. మెట్రోలో చల్లగాలి తగలగానే ముందు అద్దం చల్లబడి, తేమ అక్కడ పేరుకుంటుంది. మళ్లీ చేతి వేడికి ఆరిపోతుంది. ఇది చిన్న సంగతి. మూత విప్పి, పొడిగాలిలో ఆరబెట్టి మూస్తే పోతుంది. రెండోది, మూత కింది రబ్బరు రింగు సరిగ్గా కూర్చోకపోవడం. గాడిలో చిన్న వెంట్రుక పడినా, మూత తిప్పేటప్పుడు రింగు మెలి తిరిగినా గాలి దారి చేసుకుంటుంది. మసక అప్పుడూ ఇప్పుడూ ఒకేలా ఉంటే మొదటిదని అనుకోవచ్చు. వారం వారం పెరుగుతుంటే రెండోదే.

బకెట్ పరీక్ష వద్దే వద్దు. రింగు పాడై ఉంటే ఆ సంగతి మీకు తెలిసేసరికి నీళ్లు వాచ్ లోపలి యంత్రంలో ఉంటాయి. దాని బదులు ఇంట్లో చేయగలిగేది ఒకటుంది, నీళ్లు తట్టుకునే వాచ్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 22810లో ఉన్న పద్ధతే. గిన్నెలో వేణ్నీళ్లు పోసి మీద స్టీలు పళ్లెం పెట్టండి. పళ్లెం 40 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండాలి, అంటే చేతికి వెచ్చగా తగలాలి గానీ కాలకూడదు. వాచ్‌ని దాని మీద 10 నిమిషాలు ఉంచి, అద్దం మధ్యలో మామూలు నీటి చుక్క ఒకటి వేయండి. నిమిషం ఆగి పొడిగుడ్డతో తుడిచి చూడండి. చుక్క ఉన్నచోట అద్దం లోపల మసక కనిపిస్తే తేమ ఉన్నట్టే. అయితే లోపల తేమ ఉందా లేదా అన్నంతవరకే ఇది చెప్తుంది. వాచ్ ఎన్ని మీటర్లు తట్టుకుంటుందో చెప్పదు.

కూకట్‌పల్లి మెకానికల్

బల్ల గారూ, ఒక సందేహం. ఈత కొట్టేటప్పుడు చెయ్యి ఊపితే ఒత్తిడి అమాంతం పెరుగుతుందనీ, అందుకే 30 మీటర్ల వాచ్‌తో ఈత వద్దనీ అంతా అంటారు. లెక్క వేస్తే అలా రావట్లేదు. నీళ్లలో చెయ్యి సెకనుకు 5 మీటర్ల వేగంతో కదిలినా అదనంగా పడేది 0.125 బార్. అంటే ఇంకో మీటరుంపావు లోతుకి వెళ్లినట్టు, అంతే. 10 మీటర్ల లోతుకి సుమారు ఒక బార్. మన హుస్సేన్ సాగర్ లోతు ఎక్కువలో ఎక్కువ 32 అడుగులంటారు, దాని అడుక్కి దిగినా పెరిగేది ఒక్క బారే. మరి 3 బార్ వాచ్ ఈతకు ఎందుకు పనికిరాదు?

అబిడ్స్ వాచ్ బల్ల

మీ లెక్క కరెక్టే. చెయ్యి ఊపడం కథ మా బజారులో పుట్టిన పుకారు లాంటిది, షాపువాళ్లకి చెప్పడానికి తేలిక కాబట్టి నిలిచిపోయింది.

అసలు కారణాలు వేరే. మామూలు వాచ్‌లలో కంపెనీ కొన్నింటినే తీసి పరీక్షిస్తుంది. కొత్త వాచ్, కొత్త రబ్బరు, కదలని నీళ్లు, పది నిమిషాల ఒత్తిడి. మన చేతికున్న వాచ్‌కి చెమట, సబ్బు, సెంటు, మే నెల ఎండలో బండి ట్యాంకు మీద వేడి అన్నీ తగులుతాయి. రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుంది. గీజర్ నీళ్లతో స్నానం ఇంకో తంటా. లోహం, అద్దం, రబ్బరు ఒక్కోటి ఒక్కోలా వ్యాకోచిస్తాయి, సబ్బునీళ్లేమో మామూలు నీళ్లు దూరని సందులో కూడా దూరతాయి. ఇవన్నీ కలిసి తినేయడానికి 3 బార్‌లో మిగులు పెద్దగా లేదు. 10 బార్‌లో ఉంది, అందుకే ఈతకు 10 చెప్తాం. ఐఎస్‌ఓ 6425 అనే ఇంకో ప్రమాణం కింద డైవర్స్ (లోతు నీళ్లలో దిగేవాళ్ల వాచ్) అని రాసినవాటి సంగతి వేరు, రాసిన లోతు కంటే 25 శాతం ఎక్కువ ఒత్తిడిలో పరీక్షిస్తారు.

ప్రశ్న అడిగినాయనకి: మెషీన్ ఉన్న చోటికి వెళ్లండి. ముందు పొడి పరీక్ష చేయమనండి. డబ్బాలో వాచ్ పెట్టి గాలి ఒత్తిడి పెంచితే కేస్ వెంట్రుకవాసి కంటే తక్కువగా లోపలికి నొక్కుకుంటుంది, దాన్ని ఒక ముల్లు కొలుస్తుంది. నొక్కుకున్నది అలాగే నిలబడితే వాచ్ బిగువుగా ఉన్నట్టు. మెల్లగా వెనక్కొస్తుంటే గాలి లోపలికి పోతున్నట్టు.

అందులో ఫెయిలైతే, ఎక్కడినుంచో తెలుసుకోవడానికి నీళ్ల పరీక్ష. అద్దాల గొట్టంలో సగం దాకా నీళ్లుంటాయి. వాచ్‌ని నీటికి పైన వేలాడదీసి గాలి ఎక్కిస్తాం. కాసేపయ్యాక నీళ్లలోకి దించి, ఒత్తిడి మెల్లగా తగ్గిస్తాం. లోపలికి దూరిన గాలి ఇప్పుడు బయటికి రావాలి కదా, ఏ సందున్నా అక్కడ బుడగలు వరసకడతాయి. ఒక్క బుడగ చైన్ తగిలించే కొమ్ముకి అంటుకుని కదలకపోతే భయం లేదు, అది బయట చిక్కుకున్న గాలి. అందుకే చైన్ విప్పేసి చేస్తాం. దారంలా ఒకే చోటినుంచి ఆగకుండా వస్తే అదే దొంగ. బుడగలు కనబడగానే వాచ్‌ని పైకి లాగేయాలి. ఒత్తిడి పూర్తిగా తగ్గేదాకా నీళ్లలోనే ఉంచితే నీళ్లు లోపలికి పోతాయి. పని రానివాడి చేతిలో ఈ మెషీన్ కూడా బకెట్టే.

ఎల్బీనగర్ ప్రయాణికుడు

పళ్లెం పరీక్ష చేశాను, చుక్క కింద స్పష్టంగా మసక. నిన్న సికింద్రాబాద్‌లో మెషీన్ ఉన్నచోట ఇచ్చాను. పొడి పరీక్షలో ఫెయిల్. నీళ్లలో పెడితే మూత అంచు నుంచి, 4 అంకె వైపు, బుడగల దారం. మీరన్నట్టే ఉంది. విప్పి చూపించారు, రింగు ఒకచోట నలిగి రిబ్బన్‌లా చదునైపోయింది. కొత్తది సిలికాన్ గ్రీజు రాసి వేశారు. మళ్లీ 10 బార్‌కి పాసైంది, రసీదు మీద తేదీతో రాసిచ్చారు. ఇంక సముద్రంలో దిగొచ్చు కదా?

అబిడ్స్ వాచ్ బల్ల

దిగండి. నీళ్లలో ఉండగా క్రౌన్ లాగొద్దు, బటన్లుంటే నొక్కొద్దు. స్క్రూ క్రౌన్ అయితే పూర్తిగా బిగించారో లేదో గట్టు మీదే చూసుకోండి. బయటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, చైన్ సందుల్లో ఇసుకని పాత టూత్‌బ్రష్‌తో తీసేయండి. ఈసారి సెల్ అయిపోయినప్పుడు రింగు కూడా కొత్తది వేయమని ముందే చెప్పండి. "ఎన్ని బార్‌లకి పరీక్ష చేస్తారు?" అని అడగండి. షాపతను మీ మొహం వంక వింతగా చూస్తే వాచ్ జేబులో వేసుకుని వచ్చేయండి.